ఆదర్శ రిట్రీవరుకు మార్కాపురం ప్రమాణాలు

"మార్కాపురం పట్టణ ప్రజలకు, ముఖ్యంగా కుక్కలున్న కుటుంబాలకు శుభవార్త! రాష్ట్రంలోనే మొట్టమొదటిసారిగా ఈ ఆదివారం విజయా కాలనీ మైదానంలో ఆదర్శ రిట్రీవరు జాతి శునకం ఎంపిక! ముఖ్య అతిథి గౌరవనీయులైన మంత్రివర్యులు! ఏ వీధి కుక్క గెలిస్తే ఆ వీధికి ఇంటింటికీ మంచినీళ్ల కుళాయి! మొదటి కుళాయికి మంత్రిగారి అమృతహస్తాలతో అక్కడికక్కడే నీళ్లు!"

మైకు కట్టిన ఆటో మా పలకల సందు మలుపు తిరిగేలోగా ఈ మాటలు రెండుసార్లు వినిపించాయి. మా సందులో చాలామందికి రిట్రీవరు అంటే ఏమిటో తెలియదు. కుళాయి అంటే తెలుసు. ప్రజాస్వామ్యంలో అంతకంటే ఎక్కువ తెలియవలసిన అవసరం కూడా లేదు.

ఈ ప్రకటన వెలువరించినవారు శునకజాతి ప్రమాణాల సలహా మండలి పశ్చిమ ప్రాంత చైర్మన్ శ్రీ ఓబులేసు గారు. ఊరంతా ఓబులేసన్న అంటుంది. నిజానికి ఆయన అడిగింది మార్కెట్ యార్డు. పార్టీ ఇచ్చింది కుక్కలు. ఇంకొకరైతే అలిగి ఫోను స్విచ్చాఫ్ చేసుకొనేవారు. ఓబులేసన్న అలా చేయలేదు. పదవి వచ్చిన రోజే గిద్దలూరు దాకా బైకుల ర్యాలీ తీశారు. కుక్కల మండలికి ర్యాలీ ఎందుకని ఒక విలేకరి అడిగితే, "పదవి చిన్నదైతే ర్యాలీ పెద్దగుండాల బ్రదర్. లేకుంటే పదవి కనపడదు" అన్నారు. డిగ్రీలో మాకు ఇంత విలువైన మాట ఎవరూ చెప్పలేదు.

మండలిలో ఒక మహిళ ఉండాలని నిబంధన. అలా నేను సభ్యురాలినయ్యాను. పప్పుకు తాలింపు పెడుతుంటే పార్టీ యువజన విభాగం రాజేష్ కాగితంతో వంటింటి గడప దగ్గరకు వచ్చాడు. ఓబులేసన్న ఏ పని చెప్పినా చెప్పడం పూర్తయ్యేలోపు చేసుకొచ్చే కుర్రవాడు.

"వాణక్కా, నువ్వు జువాలజీ గదా?"

"ఎప్పుడో డిగ్రీలో చదివినా నాయనా. అంతా మర్చిపోయినా."

"నువ్వు మర్చిపోయినా కుక్క మారలేదులే అక్కా. ఈడ సంతకం పెట్టు."

తాలింపు మాడిపోతోంది కాబట్టి పెట్టాను. చాలా మంది ప్రజాజీవితంలోకి ఇలాగే వస్తారనుకుంటాను.

ఇక్కడ మా సందులోని రిట్రీవరు గురించి చెప్పాలి. అది నల్లటి లాబ్రడార్. బ్యాంకు మేనేజరు ఒకాయన బదిలీ మీద పోతూ సోఫాను లారీ ఎక్కించి, కుక్కను మాకు వదిలి వెళ్లారు. ఎదురింటి అమీనాబీ అత్త దానికి అన్నం పెట్టింది. అసలు పేరు ఏ ఇంగ్లీషుదో ఎవరికీ గుర్తులేదు. మొదట 'మేనేజరు గారి కుక్క' అనేవాళ్లం. పలకడానికి పొడుగైందని 'మేనేజరు' అన్నాం. ఇప్పుడు మా సందులో "మేనేజరుకు బువ్వ పెట్టినారా?", "మేనేజరు చెప్పు ఎత్తుకపోయినాడు" అనే మాటలు మామూలు.

మేనేజరుకు ఒక ఉద్యోగం కూడా ఉంది. మా సందుకు నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వస్తుంది. సందు ఇరుకు కాబట్టి వలి బాషా ట్యాంకరును మూలమీద ఆపి, వాల్వు తిప్పి, హారన్ కొడతాడు. పొడుగాటి ఆకుపచ్చ పైపు ఒకటే సందులోకి రావాలి. పైపు కొస ఎవరి చేతికి దొరికితే వాళ్ల బిందె ముందు. వెనకటికి ఆ కొస దగ్గర జుట్లు పట్టుకొనేవాళ్లం, ఒకరి పుట్టింటి చరిత్రలు ఒకరం తవ్వుకొనేవాళ్లం. మేనేజరు వచ్చాక అవన్నీ పోయాయి. హారన్ వినపడగానే పరిగెత్తుకెళ్లి, కొసను నోట కరచుకొని, సందంతా ఈడ్చుకొచ్చి, అమీనాబీ అత్త ముందు కూర్చుని ఆమె చేతిలో పెడుతుంది. పైపు మీద ఒక్క పంటిగాటు ఉండదు. అత్త తన బిందె నింపుకొని, వరుసగా ఇంటింటికీ తిప్పుతుంది. మనిషి ఇచ్చిన పైపైతే పక్షపాతం అంటారు. కుక్క ఇచ్చిన దానికి ఎవరూ ఏమీ అనరు.

మైకు ఆటో వెళ్లిపోయాక అత్త మా గడప మీద కూర్చుంది. కోడలు అఫ్సానా పచ్చి బాలింత. ఆదివారం నాటికి నలభై రోజులు నిండి చిల్లా స్నానం. గిద్దలూరు నుంచి వియ్యాలవారు వస్తారు. ఆదివారమే మా ట్యాంకరు వంతు కూడా.

"కుళాయి ఇస్తే మంచిదే వాణీ, నా మోకాళ్లు దీవిస్తాయి. ఇయ్యకపోయినా పర్వాలేదు. ఆదివారం ట్యాంకరు మాత్రం రావాల. కోడలికి నీళ్లు పోయాల. ఇంటినిండా చుట్టాలు, తొట్టినిండా బిడ్డ గుడ్డలు. నీళ్లు లేవని వియ్యపురాలి ముందర చెప్పమంటావా?"

"నేను మండలి సభ్యురాలిని అత్తా. చూసుకుంటా" అన్నాను. పదవి వచ్చిన రెండో రోజే నా గొంతు మారిపోయిందని మా ఆయన అన్నారు.

ప్రమాణాల సమావేశం ఓబులేసన్న ఇంట్లో జరిగింది. నిపుణుడిగా శ్యాంసన్ సారును పిలిచారు. కాలేజీలో నాకు జువాలజీ చెప్పిన సారే. రిటైరైనా పాఠం చెప్పే అలవాటు పోలేదు.

"రిట్రీవరు అంటే," అని మొదలుపెట్టారు సారు, "వేటగాడు కొట్టిన పక్షిని వెతికి, నోట కరచుకొని, నలగకుండా తెచ్చి యజమాని చేతిలో పెట్టేది. తల వెడల్పు. చూపు శాంతం. నోరు మెత్తన. బొచ్చు రెండు పొరలు, లోపలికి తడి పోదు. వేళ్ల మధ్య చర్మం. తోక మొదట్లో లావుగా, ఈతలో చుక్కానిలాగా. ఇవన్నీ అందానికి కావు ఓబులేసూ. పనిని బట్టి వచ్చిన రూపం. పని లేకుండా రూపం ఒక్కటే చూస్తే అది జాతి కాదు, బొమ్మ. ఇంకోటి, దానికి నీళ్లంటే ప్రాణం."

"మార్కాపురంలో నీళ్లంటే ప్రాణం కానిదెవురికి సార్? ఆ లెక్కన మనమంతా రిట్రీవర్లమే" అన్నారు ఓబులేసన్న.

అందరం నవ్వాం. రాజేష్ కాస్త ఎక్కువసేపు నవ్వాడు.

నీటి పరీక్ష తప్పనిసరి అని సారు పట్టుబట్టారు. మైదానంలో గుంత తవ్వి నీళ్లు నింపాలని తీర్మానించాం. చెరువులో నీళ్లు లేవు కాబట్టి ట్యాంకరు కావాలి. ట్యాంకర్ల కాంట్రాక్టు ఓబులేసన్న బావమరిదిదే కాబట్టి అది నిమిషంలో తేలిపోయింది.

"ఆదివారం ఎవురి వంతురా?"

"పలకల సందుది అన్నా."

"దాన్ని ఇటు తిప్పమను."

సభ్యురాలిగా నేను గొంతు సవరించుకున్నాను. "అన్నా, ఆ రోజు మా సందులో బాలింత స్నానం..."

"చెల్లెమ్మా, ఊరికి పేరొస్తాంటే ఒక్కరోజు స్నానం ఆపుకోలేమా?" అన్నారు ఎంతో ఆప్యాయంగా. ఆయన అప్పుడే స్నానం చేసి వచ్చినట్టున్నారు, సబ్బు వాసన గుమ్మంటోంది.

తర్వాత ప్రయోగాత్మక పరీక్ష. ఓబులేసన్నకు బెంగళూరు నుంచి తెచ్చిన గోల్డెన్ రిట్రీవరు ఉంది. పేరు ప్రిన్స్. దువ్విన బొచ్చు, మెడలో బెల్టు, ఎదురుగా కూలరు. అన్న బంతి విసిరారు. ప్రిన్స్ బంతిని చూసింది. తర్వాత అన్నను చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది. రాజేష్ పరిగెత్తుకెళ్లి బంతి తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. మళ్లీ విసిరారు. మళ్లీ రాజేషే తెచ్చాడు. మూడోసారి బంతి నేల తాకకముందే అందుకున్నాడు. శ్యాంసన్ సారు తన కాగితం మీద 'చురుకుదనం: చాలా బాగుంది' అని రాసుకోవడం నేను చూశాను. ఎవరి గురించో అడగలేదు.

"ప్రిన్స్ తేలేదు ఓబులేసూ" అన్నారు సారు.

"బంతి వచ్చిందా, లేదా సార్?"

"వచ్చింది."

"ప్రిన్స్ కదిలిందా?"

"లేదు."

"కదలకుండా బంతి తెప్పించినాడంటే వాని కెపాసిటీ ఏందో ఆలోచించండి. చెల్లెమ్మా, రాయండి."

నా దస్తూరీ బాగుంటుందని ప్రమాణాలు రాసే పని నాకిచ్చారు. మొదటి ప్రమాణం రాశాను: 'ఉత్తమజాతి రిట్రీవరు తాను తేదు. తెప్పించుకొంటుంది.'

ప్రిన్స్ ముందు నీళ్ల టబ్బు పెట్టారు. అది ఒక కాలు ముంచి, చలిజ్వరం వచ్చినట్టు వెనక్కి తీసుకుంది. రెండో ప్రమాణం: 'ఉత్తమజాతి రిట్రీవరు నీటిని గౌరవించి దూరంగా ఉంటుంది.' నీటి పరీక్ష రద్దయింది. గుంత కూడా రద్దయింది.

"అన్నా, నల్లకుక్కలొస్తే?" అన్నాడు రాజేష్ ఉన్నట్టుండి. "మంత్రిగారి ప్రోగ్రాంలో నల్లది కనపడితే పోలీసోళ్లు ఊరుకోరు. పోయిన తూరి నా గొడుగు గూడా గుంజుకున్నారు."

"అదీ పాయింటే. రంగు బంగారమే ఉండాల. నలుపు జాతిలోపం అని రాయండి."

శ్యాంసన్ సారు కళ్లద్దాలు తీశారు. "లాబ్రడార్లో నలుపే పాత రంగు ఓబులేసూ. ఆ జాతి పుట్టిందే నలుపులో."

"పుట్టిన కాడ బందోబస్తు ఉండదు సార్. మనకుంది."

నేను చివరిగా అడిగాను. "నీటి పరీక్ష తీసేసినారు గదన్నా. మరి ఆదివారం ట్యాంకరు మా సందుకే పంపొచ్చు గదా?"

ఓబులేసన్న నా వైపు జాలిగా చూశారు. "కుళాయిలు వస్తాంటే ఇంకా ట్యాంకరు అంటారేంది చెల్లెమ్మా? ముందుచూపు ఉండాల."

ఆ మాట అలాగే అత్తకు చెప్పాను. అత్త, "మైకులో అక్కడికక్కడే నీళ్లన్నారు గదా. ఆడికే పోదాం. బిందె తీసుకొని పోదాం" అంది. సందులో అందరికీ ఈ ఆలోచన నచ్చింది. నాయకుడి మాటను ఇంత నిఖార్సుగా నమ్మే జనం ఇంకా ఉన్నారని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆదివారం విజయా కాలనీ మైదానం కళకళలాడింది. ఎత్తయిన వేదిక. దాని పక్కనే, ఓబులేసన్న ఇంటికి ఎదురుగా, మైదానం పొట్టి ప్రహరీగోడ. గోడకు ఇవతల పలకరాయి మీద మంత్రిగారి పేరు, దాని మధ్యలో మిలమిలలాడే కుళాయి, కుళాయికి రిబ్బను. గోడకు అవతల సందులో పెద్ద ఫ్లెక్సీ. అందులో మంత్రిగారు, ఓబులేసన్న చేతులు కలిపి నవ్వుతున్నారు. ఫ్లెక్సీ నిలువుగా కాకుండా గుండ్రంగా, ఏనుగు మీద కప్పినట్టు ఉండడం కొత్తగా అనిపించింది. మైదానంలోగానీ రోడ్డులోగానీ ఎక్కడా పైపులైను తవ్విన గుర్తు లేదు. మన ఇంజినీర్లు ఇంత శుభ్రంగా పనిచేస్తారని తెలిసి గర్వపడ్డాను.

గేటు దగ్గర మా సందు ఆడవాళ్లు ఆగిపోయారు. కానిస్టేబులు చేయి అడ్డం పెట్టాడు.

"ఏందమ్మా ఈ నల్లది?"

"మేనేజరు నాయనా" అంది అమీనాబీ అత్త.

"ఏ బ్యాంకు?"

"కుక్క పేరు నాయనా అది. పోటీకి తెచ్చినాం."

"నల్లది లోపలికి పోగూడదు. నల్లజెండా కింద లెక్క."

"జెండా అయితే దించుతా. కుక్కనెట్ల దించేది? నేనేమన్నా రంగేసినానా? అల్లా వేసిన రంగు."

"ఈ ఖాళీ బిందెలేంది మళ్లీ? నల్లకుక్క, ఖాళీ బిందెలు. రెండూ కలిస్తే ధర్నానే."

"ధర్నా కాదు సార్, నీళ్లిస్తామని మైకులో చెప్పినారు" అంది వెనకనుంచి పుష్పమ్మ వదిన.

"ఎవురు చెప్పినారు?"

"మీరు కాపలా కాస్తున్నారే, ఆయనే."

చివరికి నేను సభ్యురాలి బ్యాడ్జీ చూపించి మాట్లాడితే మధ్యేమార్గం దొరికింది. మంత్రిగారికి కనపడకుండా గోడవతల సందులో, ఫ్లెక్సీకి దూరంగా, నిలబడవచ్చు. మేనేజరు కూడా.

పోటీ పారదర్శకంగా జరిగింది. కురిచేడు నుంచి వచ్చిన పొమేరియన్‌ను చిన్నదని, తర్లుపాడు నుంచి వచ్చిన కుక్కను మంత్రిగారి కారును చూసి మొరిగిందని పక్కనపెట్టారు. ఇక మిగిలింది ప్రిన్స్. అది నిద్రలో ఉంది కాబట్టి పరుపుతో సహా వేదిక మీదకు ఎత్తారు. మంత్రిగారు ప్లాస్టిక్ బాతును విసిరారు. ప్రిన్స్ ఒక కన్ను తెరిచింది. రాజేష్ దూకి తెచ్చాడు.

"చూసినారా సార్, ఎట్ల తెప్పించినాడో!" అన్నారు ఓబులేసన్న.

"లీడర్‌షిప్ క్వాలిటీ ఉందయ్యా" అన్నారు మంత్రిగారు.

చప్పట్ల మధ్య ప్రిన్స్‌కు శాలువా కప్పారు. విజయా కాలనీకి కుళాయిలు మంజూరయ్యాయి. అక్కడ ప్రతి ఇంట్లో బోరు ఉంది కాబట్టి కుళాయికి తోడుగా ఉంటుందని కాలనీవాళ్లు సంతోషించారు. గోడవతల అమీనాబీ అత్త ఖాళీ బిందె మీద చేయి వేసుకొని నిలబడి ఉంది. వియ్యాలవారి ఆటో గిద్దలూరులో బయలుదేరిందని అత్త కొడుకు వసీం అప్పుడే ఫోను చేశాడట.

మంత్రిగారు కత్తెర తీసుకొని రిబ్బను కత్తిరించారు. రాజేష్ ఫోనులో లైవ్ పెట్టి, గోడ మీదుగా చేయి ఊపాడు. మంత్రిగారు కుళాయి తిప్పారు.

అదే క్షణంలో గోడవతల హారన్ మోగింది.

వలి బాషాను నేను తప్పుపట్టను. వాల్వు తిప్పగానే హారన్ కొట్టడం అతనికి ఏళ్ల తరబడి అలవాటు. చేయి తనంతట తాను పోతుంది.

కుళాయిలోంచి నీళ్లు ధారగా వచ్చాయి. మంత్రిగారు దోసిలిపట్టి నెత్తిన చల్లుకున్నారు. పూలు పడ్డాయి. నేనూ చప్పట్లు కొట్టాను. అంతలో కుళాయి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఒక బుడగ ఊది ఆగిపోయింది. మంత్రిగారు ఎడమకు తిప్పారు, కుడికి తిప్పారు. ఓబులేసన్న కూడా తిప్పారు. తిప్పీ తిప్పీ కుళాయి చేతికొచ్చింది.

"ఆఁ, శభాష్ మేనేజరూ!" అని గోడవతల నుంచి అమీనాబీ అత్త గొంతు వినిపించింది. "ఇటియ్యి నాయనా, ఇటియ్యి!"

వేదిక ఎత్తు, గోడ పొట్టి. అందరికీ కనబడింది. ఫ్లెక్సీ కింద, సరిగ్గా మంత్రిగారి చేయీ ఓబులేసన్న చేయీ కలిసినచోట, గుడ్డ పైకి లేచింది. నల్లటి తల బయటికొచ్చింది. నోట్లో ఆకుపచ్చ పైపు కొస, దానికి వేలాడుతూ కుళాయికి బిగించిన సైకిలు ట్యూబు ముక్క, కొసలోంచి నీళ్లు. తల ఎత్తి, తోక చాచి, తొందరేమీ లేకుండా నడుచుకొచ్చింది. కానిస్టేబులు ప్యాంటు తడుస్తుందని పక్కకు జరిగాడు. మేనేజరు అత్త ముందు కూర్చుని, పైపును ఆమె చేతిలో పెట్టింది.

అత్త ఎప్పటిలాగే పైపును బిందెలో పెట్టి, ఎప్పటిలాగే కేకేసింది. "రెండోది ఎవరిది? పుష్పమ్మా, ముందుకు రా. తొక్కుకోవద్దు, అందరికీ వస్తాయి."

శ్యాంసన్ సారు మైకు దగ్గరే ఉన్నారు. పాత అలవాటు. "చూపు శాంతం. నోరు మెత్తన. నేరుగా యజమాని చేతికి. పిల్లలూ, దీన్నే..." అంటుండగా మైకు కట్ చేశారు.

మంత్రిగారు చాలాసేపు అటే చూశారు. ఫ్లెక్సీ సగం జారిపోయి, ఆయన ముఖం కిందినుంచి ట్యాంకరు చక్రాలు కనిపిస్తున్నాయి.

"ఓబులేసూ, ఆ కుక్కది ఏ జాతి?"

"ప్రతిపక్షం సార్" అన్నారు ఓబులేసన్న తడుముకోకుండా.

మంత్రిగారికి గిద్దలూరులో ఇంకో కార్యక్రమం ఉన్నట్టు గుర్తొచ్చింది. కార్లు వెళ్లిపోయాయి. రాజేష్ పరిగెత్తుకెళ్లి వాల్వు కట్టమన్నాడు.

"ఎట్ల కట్టేది తమ్ముడూ?" అన్నాడు వలి బాషా. "పైపు అమీనాబీ చేతికి పోయినాక, చివరి బిందె నిండేదాకా కట్టింది ల్యా. మా రూలు అది."

రాజేష్ అన్నిటికీ పరిగెత్తాడు గానీ, లైవ్ ఆపడం మర్చిపోయాడు.

మా సందులో అన్ని బిందెలూ నిండాయి. వసీం వాటిని ఆటోలో రెండు విడతలుగా ఇంటికి చేర్చాడు. అఫ్సానా చిల్లా స్నానం వియ్యాలవారి ముందు ఏ లోటూ లేకుండా జరిగింది. మేనేజరుకు ఆ పూట పలావు పెట్టారు. శాలువా మాత్రం లేదు, అది ప్రిన్స్ కింద ఉంది.

మర్నాడు ఉదయం ఓబులేసన్న మండలి అత్యవసర సమావేశానికి నన్నొక్కదాన్నే పిలిచారు. శ్యాంసన్ సారును తొలగించారట. ప్రిన్స్ కూలరు ముందు పడుకొని ఉంది. ఊడివచ్చిన కుళాయి బల్ల మీద, నిన్నటి పత్రికలకు బరువుగా ఉంది. అన్న కళ్లు ఎర్రగా ఉన్నా, గొంతులో పట్టుదల తగ్గలేదు.

"చెల్లెమ్మా, మన ప్రమాణాల్లో ఒక లోటుంది. పైవాళ్లు ఫోన్ చేసి అడిగేలోపల సవరించాల. మీరు సైన్సు చదివినోళ్లు, చక్కగా రాయండి."

కలం తీశాను. ఆయన కిటికీలోంచి పొట్టి ప్రహరీగోడను చూస్తూ, ఒక్కో మాటా ఆలోచించి చెప్పారు.

'ఉత్తమజాతి రిట్రీవరు విసిరినది మాత్రమే తేవాలి. దాచినది తేగూడదు.'

రాసి చూపించాను. దస్తూరీ బాగుందన్నారు.